చిప్ప మార్పిడిలో అడగాల్సింది లోహం గురించి కాదు, పాలీ గురించి

మోకాలి చిప్ప మార్పిడికి సిద్ధమైనవాళ్లు డాక్టర్ని అడిగేవి దాదాపు అన్నీ లోహం ప్రశ్నలే. టైటానియమా, కోబాల్ట్ క్రోమా? బంగారు రంగు పూత ఉన్నదైతే ఎక్కువ ఏళ్లు వస్తుందా? ఇంపోర్టెడా, ఇక్కడ చేసిందా? ఆసుపత్రుల హోర్డింగులు కూడా ఈ ప్రశ్నలనే ఎగదోస్తుంటాయి. కానీ ఆ కీలులో ముందు అరిగేది లోహం కాదు. రెండు లోహపు భాగాల మధ్య ఇమిడి ఉండే తెల్లటి ప్లాస్టిక్ ముక్క అరుగుతుంది. మోకాలిలో దాన్ని ఇన్సర్ట్ అంటారు, తుంటి కీలులో గిన్నెలా ఉండేదాన్ని లైనర్ అంటారు. ఆపరేషన్ థియేటర్లో రెండూ ‘పాలీ’యే.

అరవై ఏళ్లుగా ఈ పాలీని అరగకుండా చేయాలని చేసిన ప్రయత్నాలన్నీ వరసగా చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. దీన్ని గట్టిపరచబోయినవాళ్లు, లోపల ఏదో ఒకటి కలిపి బలం పెంచబోయినవాళ్లు చాలావరకు ఓడిపోయారు. రేడియేషన్ పడ్డాక ప్లాస్టిక్‌లో మిగిలే ఫ్రీ రాడికల్స్‌ని, అంటే బంధం తెగి దేంతోనైనా కలవడానికి కాచుకున్న కొసల్ని, ఏం చేయాలో తేల్చుకున్నవాళ్లు గెలిచారు. అందుకే ఏ పాలీనైనా నేను ఈ ఒక్క లెక్కతోనే బేరీజు వేస్తాను.

పదార్థం పేరు అల్ట్రా హై మాలిక్యులర్ వెయిట్ పాలిథిలిన్. క్యారీ బ్యాగులో ఉండే పాలిథిలిన్ కుటుంబమే. తేడా అంతా అణువుల గొలుసు పొడవులో ఉంది. దీని అణుభారం సుమారు 20 లక్షల నుంచి 60 లక్షల దాకా ఉంటుంది. గొలుసులు అంత పొడవు కావడంతో కరిగించినా ఇది పారదు, అచ్చులోకి ఇంజెక్ట్ చేయడం కుదరదు. జీయూఆర్ 1020, జీయూఆర్ 1050 అనే రకాల పొడిని వేడితో, ఒత్తిడితో పలకలుగానో కడ్డీలుగానో గట్టిపరిచి, ఆ తర్వాత లేత్ మీద, మిల్లింగ్ యంత్రం మీద చెక్కాలి. పొడి రేణువులు ఒకదాంతో ఒకటి పూర్తిగా కలిసిపోకపోతే వాటి మధ్య సందులు మిగిలిపోయి, ఏళ్ల తర్వాత పగుళ్లు అక్కడే మొదలవుతాయి. ఒకప్పుడు ఈ పొడిలో కాల్షియం స్టియరేట్ కలిపేవారు. అది రేణువుల సరిహద్దుల్లో పేరుకుంటోందని తెలిశాక వైద్యానికి వాడే పొడి నుంచి తీసేశారు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఇందులో ఇంచుమించు సగం గొలుసులు మడతలు పడి స్ఫటికాలుగా సర్దుకుంటాయి, మిగతా సగం చిక్కుపడి క్రమం లేకుండా ఉంటాయి. తర్వాత చెప్పబోయే చిక్కులన్నీ ఈ రెండు భాగాల తేడా వల్లే వచ్చాయి.

మొదట వాడింది ఇది కాదు, టెఫ్లాన్. ఇంగ్లండ్‌లో రైటింగ్‌టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ 1950ల చివర్లో తుంటి కీలుకు టెఫ్లాన్ గిన్నెలు అమర్చడం మొదలుపెట్టారు. టెఫ్లాన్ అంత జారే ప్లాస్టిక్ మరొకటి లేదు, కాబట్టి అరగదనుకున్నారు. సుమారు 300 మందికి వేశాక, కొద్ది ఏళ్లలోనే గిన్నెలు అరిగిపోయి, ఆ పొడి చుట్టూ కణజాలం గడ్డలు కట్టింది. గాజు పొడి కలిపిన టెఫ్లాన్ ప్రయోగశాలలో మెరుగ్గానే నిలిచింది, శరీరంలో మాత్రం ఆ గాజే ఎమెరీ పేపరులా పనిచేసింది. 1962లో మగ్గాల గేర్లకు వాడే పాలిథిలిన్ ముక్క ఒకటి ఆసుపత్రి వర్క్‌షాప్‌కు వచ్చింది. చార్న్‌లీకి దాని మీద నమ్మకం కుదరలేదు. సహాయకుడు హ్యారీ క్రేవెన్ మాత్రం దాన్ని అరుగుదల యంత్రానికి ఎక్కించి నడుపుతూ పోయారు. టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అది రోజుల తరబడి అరగలేదు. ఆ ఏడాది నవంబర్ నుంచి రోగులకు పాలిథిలిన్ గిన్నెలు వేశారు. జారుడు వేరు, అరుగుదల వేరు. ఈ తేడా తెలియడానికి 300 మంది రోగులు మూల్యం చెల్లించారు.

పాలిథిలిన్ కూడా అరిగింది, కాకపోతే నెమ్మదిగా. తుంటిలో తొడ ఎముక కొసన అమర్చే లోహపు బంతి కింద పాతరకం పాలీ ఏడాదికి సుమారు 0.1 మిల్లీమీటరు అరుగుతుంది. వినడానికి ఇది ఏమంత ఎక్కువ కాదు. లెక్క వేసి చూడండి. బంతి వ్యాసం 28 మి.మీ. అయితే, ఏడాదికి పోయే ప్లాస్టిక్ సుమారు 62 ఘన మిల్లీమీటర్లు. ఒక్కో కణం అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుంటే అవి దాదాపు లక్ష కోట్లు. మనిషి ఒక్కో కాలితో ఏడాదికి వేసే అడుగులు పది లక్షలనుకుంటే, ఒక్క అడుగుకు తొమ్మిది పది లక్షల కణాలు. అదే 0.1 మి.మీ. లోతు 36 మి.మీ. బంతితో అరిగితే ఘనపరిమాణం 100 దాటుతుంది. చార్న్‌లీ 22.225 మి.మీ. చిన్న బంతిని పట్టుకుని వదలకపోవడానికి ఒక కారణం ఇదే.

ప్లాస్టిక్ పలచబడటం కన్నా పెద్ద ముప్పు ఆ కణాలే. ముఖ్యంగా 0.1 నుంచి 1 మైక్రాన్ లోపు సైజువి. ఒంట్లో చెత్తను మింగే రక్షణ కణాలు, మాక్రోఫేజులు, వాటిని మింగుతాయి, జీర్ణించుకోలేవు. ఆ క్రమంలో అవి విడుదల చేసే రసాయన సంకేతాలు ఎముకను కరిగించే కణాలను రేపుతాయి. ఇంప్లాంట్ చుట్టూ ఎముక మెల్లగా గుల్లబారుతుంది. నొప్పి ఉండదు, కాబట్టి రోగి డాక్టర్ దగ్గరికి రాడు. వదులై నొప్పి పుట్టేనాటికి రివిజన్ (పాత ఇంప్లాంట్ తీసి మళ్లీ చేసే ఆపరేషన్) చేయడానికి పట్టు దొరికే ఎముక మిగలదు. ఏడాదికి 0.05 మి.మీ. కన్నా తక్కువ అరిగిన తుంటి కీళ్లలో ఈ ఎముక నష్టం దాదాపు కనబడలేదు. అందుకే ఇంజనీర్లు ఆ అంకెను లక్ష్యంగా పెట్టుకున్నారు.

ఇక రేడియేషన్ సంగతి. చాలా కాలం పాలీని మామూలు గాలి ఉన్న ప్యాకెట్‌లో పెట్టి, సిరంజిలకు ఇచ్చినట్టే 25 నుంచి 40 కిలోగ్రేల (రేడియేషన్ మోతాదు కొలత) గామా కిరణాలతో స్టెరిలైజ్ చేసి అల్మారాలో పెట్టేవారు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. గామా కిరణం గొలుసులో బంధాన్ని తెంచినప్పుడు తెగిన చోట ఫ్రీ రాడికల్ మిగులుతుంది. చిక్కుపడ్డ భాగంలో గొలుసులు కదలగలవు కాబట్టి రెండు రాడికల్స్ ఎదురుపడి అతుక్కుంటాయి. అదే క్రాస్‌లింక్, అది మేలు. స్ఫటికాల్లో చిక్కుకున్న రాడికల్స్‌కి కదలిక ఉండదు. అవి ఏళ్ల తరబడి అలాగే కాచుకుని ఉంటాయి. లోపలికి ఇంకిన ఆక్సిజన్ ఒక రాడికల్‌ని అందుకుందంటే పెరాక్సీ రాడికల్ పుడుతుంది, అది పక్క గొలుసు నుంచి హైడ్రోజన్ లాగి కొత్త రాడికల్‌ని పుట్టిస్తుంది. ఇక ఆ వరస ఆగదు. గొలుసులు తెగి పొట్టివవుతాయి, ప్లాస్టిక్ పెళుసవుతుంది. దీన్నే ఆక్సీకరణ అంటారు.

అలాంటి ఇన్సర్ట్‌ను అడ్డంగా సన్నటి పొరగా కోసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, పైతలానికి మిల్లీమీటరో అంతకు అటూఇటూగానో లోపల ఒక తెల్లటి పట్టీ కనబడుతుంది. పైన నున్నగా, కొత్తదానిలాగే ఉంటుంది. ఆ పట్టీని గోటితో గీరితే పొడిలా రాలుతుంది. మోకాలిలో బరువు మోసేటప్పుడు కోత ఒత్తిడి గరిష్ఠంగా పడేది కూడా సరిగ్గా ఆ లోతులోనే. దాంతో పైపొర పెచ్చులుగా ఊడొస్తుంది. 1980లు, 90లలో మోకాలి ఇన్సర్ట్‌లు పెచ్చులూడటానికి పెద్ద కారణం ఇది. ఒంట్లోకి వెళ్లకముందే, అల్మారాలో అయిదారేళ్లు ఉన్న ముక్కలు మరింత త్వరగా పాడయ్యాయి.

ఆ కాలంలోనే వచ్చిన ‘మెరుగైన’ పాలీలు ఎలా పోయాయో చూడండి. 1970లలో కార్బన్ పోగులు కలిపిన పాలీ టూ వచ్చింది. పోగులకూ ప్లాస్టిక్‌కూ అతుకు కుదరక పగుళ్లకు దారి ఇచ్చింది. హైలామర్ అనే ఇంకో రకంలో అధిక పీడనంతో స్ఫటిక భాగం పెంచారు. గట్టిదనం పెరిగింది, దాన్నీ గాలిలోనే గామాతో స్టెరిలైజ్ చేయడంతో ఆక్సీకరణ దాన్ని ఇంకా వేగంగా తినేసింది. రాడికల్స్ దాక్కునేది స్ఫటికాల్లోనే అని గుర్తు చేసుకుంటే ఇందులో ఆశ్చర్యపడేదేమీ లేదు. ప్లాస్టిక్ గొడవే వద్దని లోహం మీద లోహం పెట్టినవాళ్లకు ఏమైందో 2010లో ఏఎస్ఆర్ అనే లోహపు తుంటి కీళ్లను కంపెనీ వెనక్కి పిలిచిన రీకాల్ చెప్పింది. మన దేశంలో కూడా ఎందరో బాధితులయ్యారు.

పరిష్కారం మళ్లీ రేడియేషన్‌లోనే దొరికింది, ఈసారి మోతాదు పెంచి, కావాలని ఇచ్చి. బోస్టన్‌లో విలియం హారిస్, ఓర్హున్ మురటోగ్లూ, లాస్ ఏంజెలెస్‌లో హ్యారీ మెకెలాప్ బృందాలు 1990లలో దీన్ని నిగ్గు తేల్చాయి. 50 నుంచి 100 కిలోగ్రేల దాకా ఇస్తే క్రాస్‌లింక్‌లు దట్టమవుతాయి, అరుగుదల బాగా పడిపోతుంది. 100 దాటాక ఇచ్చినకొద్దీ లాభం నామమాత్రం, నష్టం మాత్రం పెరుగుతూ పోతుంది: సాగే గుణం, పగులును ఆపే గుణం రెండూ తగ్గుతాయి.

క్రాస్‌లింక్ అరుగుదలను ఎందుకు ఆపుతుందో తెలియాలంటే కీలు కదలిక తెలియాలి. బంతి ఒకే దిక్కుగా ముందుకూ వెనక్కూ జారితే పైతలంలో గొలుసులు దువ్విన జుట్టులా ఆ దిక్కుకే వాలిపోయి గట్టిపడతాయి, అరుగుదల దాదాపు ఉండదు. నడకలో తుంటి కీలు అలా కదలదు. పైతలంలో ఒక్కో బిందువు చిన్న చిన్న వంపు దారుల్లో, ఒకదాన్నొకటి అడ్డంగా కోసే దిక్కుల్లో రుద్దుకుంటుంది. ఒక దిక్కుకు వాలిన గొలుసులు అడ్డంగా వచ్చే లాగుడుకు విడిపోయి ఊడిపోతాయి. క్రాస్‌లింక్ ఉంటే అవి వాలవు, విడిపోవు.

ఈ ఒక్క సంగతి పట్టించుకోక ఎన్నో పరీక్షలు వృథా అయ్యాయి. ఇప్పటికీ అవుతున్నాయి. మన ఐఐటీల నుంచి, ఇంజనీరింగ్ కాలేజీల నుంచి పాలిథిలిన్‌లో కార్బన్ నానోట్యూబులో, గ్రాఫీనో, అల్యూమినానో కలిపి అరుగుదల ఇంత శాతం తగ్గిందని వచ్చే పరిశోధనలు చూస్తుంటాం. ముందు పరీక్ష పద్ధతి చదవండి. ప్లాస్టిక్‌నూ లోహాన్నీ రుద్ది చూసే యంత్రంలో పిన్ ఒకే దిక్కుగా తిరిగిందా? పొడిగానో, ఉత్త నీళ్లలోనో నడిపారా? అలా చేస్తే ఆ అంకెకు కీలుతో సంబంధం లేదు. నీళ్లలో ప్లాస్టిక్ పొర లోహానికి అంటుకుని అరుగుదల తీరే మారిపోతుంది, ప్రోటీన్ ఉన్న ద్రవంలో అలా జరగదు. తుంటికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14242 ప్రకారం చేయాలంటే: 37 డిగ్రీల దగ్గర, లీటరుకు 30 గ్రాముల ప్రోటీన్ ఉండేలా పలచబరచిన దూడ సీరమ్, సెకనుకు ఒక అడుగు చొప్పున 50 లక్షల అడుగులు, ప్రతి 5 లక్షలకు సీరమ్ మార్పు. బాక్టీరియా రాకుండా సోడియం అజైడ్, కాల్షియం పేరుకోకుండా ఈడీటీఏ. ప్రతి విరామంలో ముక్కను శుభ్రం చేసి, ఆరబెట్టి, తూకం వేయాలి.

తూకం దగ్గర కొత్తవాళ్లు తప్పకుండా తడబడతారు. పాలీ ద్రవం పీలుస్తుంది. బాగా క్రాస్‌లింక్ అయిన ముక్క అరిగిన దానికన్నా పీల్చింది ఎక్కువై బరువు పెరిగినట్టు చూపిస్తుంది. అందుకే కదలిక లేకుండా అదే బరువు, అదే సీరమ్‌లో ఇంకో ముక్కను ఉంచి, అది పీల్చినంత సవరించాలి. ఈ సవరణ లేని ‘అరుగుదల సున్నా’ ఫలితాన్ని నమ్మకూడదు.

రేడియేషన్ ఇచ్చాక స్ఫటికాల్లో మిగిలిన రాడికల్స్‌ని ఏం చేయాలన్న దగ్గర కంపెనీలు మూడు దారులు పట్టాయి.

మొదటిది పూర్తిగా కరిగించడం. ఈ ప్లాస్టిక్ సుమారు 137 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 150 డిగ్రీల దాకా వేడిచేస్తే స్ఫటికాలన్నీ కరిగి, ఇరుక్కున్న రాడికల్స్ బయటపడి ఒకదాన్నొకటి అంతం చేసుకుంటాయి. కానీ తిరిగి చల్లారినప్పుడు క్రాస్‌లింక్‌లు అడ్డొచ్చి మునుపటంత స్ఫటికం కట్టదు, బలం తగ్గుతుంది. లాంజివిటీ, డ్యూరాసుల్, మారథాన్ అనే బ్రాండ్లు ఈ తరహావి. ఈ దారిలో చేయకూడని పని ఒకటుంది: అంతా అయ్యాక మళ్లీ గామాతో స్టెరిలైజ్ చేయడం. అప్పటిదాకా పోగొట్టిన రాడికల్స్ అన్నీ తిరిగొస్తాయి. వీటికి ఇథిలిన్ ఆక్సైడ్ వాయువో, గ్యాస్ ప్లాస్మానో వాడాలి. చెక్కడం కూడా వేడిచేసిన తర్వాతే చేయాలి. ముందే చెక్కితే కొలతలు వంకరపోతాయి, ఆక్సీకరణ సోకిన పైపొర అలాగే మిగిలిపోతుంది.

రెండోది కరిగే ఉష్ణోగ్రతకు కాస్త కింద, సుమారు 130 డిగ్రీల దగ్గర, కాచడం. స్ఫటికాలు చెదరవు, బలం నిలుస్తుంది. రాడికల్స్ పూర్తిగా పోవు. క్రాస్‌ఫైర్ అనే బ్రాండ్ అలాంటిదే. రోగుల నుంచి తీసిన ఆ లైనర్ల అంచుల్లో, అంటే బంతి కప్పని, ఒంటి ద్రవాలు నేరుగా తగిలే చోట, ఆక్సీకరణ కనబడింది. తర్వాత వచ్చిన ఎక్స్‌3లో 90 కిలోగ్రేలను ఒకేసారి ఇవ్వకుండా 30 చొప్పున మూడు దఫాలుగా ఇచ్చి, ప్రతి దఫా తర్వాత కాచారు. మిగిలే రాడికల్స్ బాగా తగ్గాయి. తెలివైన పద్ధతి.

మూడోది విటమిన్ ఈ. రాడికల్‌కి తన హైడ్రోజన్ ఇచ్చి గొలుసు చర్యను అది మొదట్లోనే ఆపేస్తుంది. పొడిలోనే కలిపితే, రేడియేషన్ ఇచ్చేటప్పుడు క్రాస్‌లింక్‌లకు కావలసిన రాడికల్స్‌ని కూడా అది మింగేస్తుంది. అందుకే వెయ్యిలో ఒక వంతు అటూఇటూగా కలిపి, రేడియేషన్ మోతాదు పెంచుతారు. రెండో పద్ధతిలో ముందు రేడియేషన్ ఇచ్చి, తర్వాత వేడి విటమిన్ ఈలో నానబెట్టి లోపలికి సమంగా ఇంకేలా మళ్లీ కాస్తారు. 2007లో వచ్చిన ‘ఈ1’ అనే బ్రాండ్ అలా చేసిందే. కరిగించే అవసరం ఉండదు, బలం పోదు, గామాతో స్టెరిలైజ్ చేసినా నష్టం లేదు. నా మొగ్గు దీనివైపే. కారణం చిన్నది. పూర్తిగా కరిగించి రాడికల్స్ లేకుండా చేసిన పాలీలు కూడా ఒంట్లోంచి తీశాక ఆక్సీకరణ చూపించాయి. కీలు ద్రవంలోని కొవ్వులు ప్లాస్టిక్‌లోకి ఇంకి కొత్తగా ఆ చర్యను మొదలుపెట్టగలవు. కరిగించడం ఆ రోజు ఉన్న రాడికల్స్‌నే తీస్తుంది. విటమిన్ ఈ తర్వాత పుట్టేవాటిని కూడా అడ్డుకోవడానికి లోపల ఉంటుంది.

తుంటి విషయంలో వాదన ముగిసినట్టే. క్రాస్‌లింక్ చేయని పాలీతో పోలిస్తే చేసినదానికి రివిజన్లు దాదాపు సగమేనని కీళ్ల మార్పిడులను నమోదు చేసే ఆస్ట్రేలియా జాతీయ రిజిస్ట్రీ రెండు దశాబ్దాల లెక్కలు చూపిస్తున్నాయి. ఈ రోజుల్లో తుంటికి మామూలు పాలీ వేయడానికి నాకు ఏ కారణమూ కనబడదు. ఒక్క షరతు: లైనర్ అంచు పలచగా ఉండి, గిన్నె మరీ నిట్టనిలువుగా కూర్చుంటే బరువంతా అంచు మీద పడి, క్రాస్‌లింక్ చేసిన లైనర్ల అంచులు విరిగిన సందర్భాలున్నాయి. పెద్ద బంతి కోసం లైనర్‌ను పలచన చేసే ముందు సర్జన్ ఆలోచించాల్సింది ఇదే.

మోకాలిది వేరే కథ. అక్కడ అరుగుదల కన్నా అలసట పగుళ్లు, పెచ్చులూడటం ముఖ్యం. సరిగ్గా ఆ గుణాన్నే క్రాస్‌లింక్ కొంత తగ్గిస్తుంది. ఇన్సర్ట్ మధ్యలో నిలబడే పోస్టు ఉన్న డిజైన్లలో ప్రతి వంపుకూ ఆ పోస్టుకు దెబ్బ తగులుతుంది. బాసింపట్టు వేసుకు కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం మానలేనివాళ్లకు మోకాలు బాగా మడిచినప్పుడు బరువంతా ఇన్సర్ట్ వెనక అంచు మీదికి జరుగుతుంది. అందుకే మోకాలికి 100 కిలోగ్రేల మోతాదు నాకు సమ్మతం కాదు. మధ్యస్థ మోతాదు, విటమిన్ ఈ, చాలినంత మందం ఉంటే మేలు. మందం దగ్గర ఒక మెలిక ఉంది: కొన్ని బ్రాండ్లలో పెట్టె మీద 8 మి.మీ. అని ఉంటే అది కింద లోహపు ట్రేతో కలిపిన కొలత, ప్లాస్టిక్ అంతకన్నా పలచన.

ప్యాకింగ్ మీద ఎవరూ దృష్టి పెట్టరు. 2021, 2022లలో ఎగ్జాక్‌టెక్ కంపెనీ మోకాలు, చీలమండ ఇన్సర్ట్‌లను రీకాల్ చేసింది. కారణం ప్లాస్టిక్ కాదు, సంచి. ఆక్సిజన్‌ను ఆపే ఇథిలిన్ వినైల్ ఆల్కహాల్ పొర ఒకటి ఆ వాక్యూమ్ సంచుల్లో లేదు. 2004 నుంచి అలాంటి సంచుల్లో వచ్చినవి అమెరికాలోనే లక్షా నలభై వేలకు పైగా. గాలిలో గామా వాడటం మానేశాక కూడా, ఒక పలచటి పొర లేకపోవడంతో అదే పాత జబ్బు తిరిగొచ్చింది.

థియేటర్లో జరిగేవీ తక్కువేం కాదు. ఇంప్లాంట్‌ను ఎముకకు అతికించాక మిగిలిన బోన్ సిమెంట్ రేణువుల్లోని బేరియం సల్ఫేటో జిర్కోనియానో పాలీకీ లోహానికీ మధ్య చిక్కితే లోహం మీద గీత పడుతుంది. నునుపు 0.05 మైక్రాన్ల లోపు ఉండాల్సిన బంతి మీద ఒక్క గీత అంచు లేచినా అది ప్రతి అడుగుకూ ప్లాస్టిక్‌ను దున్నుతుంది. సిరామిక్ బంతికి ఈ బెడద తక్కువ. సిమెంట్ గట్టిపడ్డాక వెనకవైపు కూడా చూసి, ధారాళంగా కడగాలి. పాలీని పొరపాటున కూడా ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో స్టెరిలైజ్ చేసే యంత్రంలో, పెట్టకూడదు.

ఇక మన దేశంలో ధర సంగతి. 2017 ఆగస్టులో మందుల ధరలు నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ మోకాలి ఇంప్లాంట్ల ధరలకు కళ్లెం వేసింది. చాలా మంచి పని, ఎన్నో కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. కానీ అప్పటి పట్టిక చూడండి. తొడ ఎముక వైపు భాగానికి కోబాల్ట్ క్రోమ్ అయితే 24,090 రూపాయలు, టైటానియం లేదా ఆక్సిడైజ్డ్ జిర్కోనియం అయితే 38,740. కింది ట్రేకు కోబాల్ట్ క్రోమ్ 16,990. ఇన్సర్ట్‌కు మాత్రం ‘ఏ పదార్థమైనా’ 9,550. లోహానికి ఇన్ని తరగతులు పెట్టి, గాలిలో గామా పడ్డ పాత పాలీనీ, మూడు దశల్లో శుద్ధి చేసినదాన్నీ ఒకే గాటన కట్టారు. దాంతో ఖర్చు పెట్టి మంచి పాలీ తెచ్చేవాడికి ప్రోత్సాహం లేదు, లోహం మీద పూత వేసి ప్రకటించేవాడికి ఉంది. ఆ వరుసను కనీసం మూడుగా విడగొట్టాలి: క్రాస్‌లింక్ చేయనిది, చేసినది, విటమిన్ ఈ లాంటి యాంటీఆక్సిడెంట్ ఉన్నది. అంతకన్నా ముందు, పెట్టె మీద మోతాదు, వేడి చేసిన పద్ధతి, స్టెరిలైజ్ చేసిన తీరు అచ్చు వేయడం తప్పనిసరి చేయాలి.

అప్పటిదాకా రోగి ఇంటివాళ్లు చేయగలిగింది కొంత ఉంది. ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను అడగండి: పాలీ క్రాస్‌లింక్ చేసిందా, విటమిన్ ఈ ఉందా, ప్లాస్టిక్ అసలు మందం ఎంత? బాగా చదువుకున్న సర్జన్ ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు. ఆపరేషన్ తర్వాత ప్రతి భాగం పెట్టెలోంచి వచ్చే స్టిక్కర్లు కేస్ షీట్‌లో అంటిస్తారు. డిశ్చార్జ్ నాడు వాటి కాపీ తీసుకోండి, ముఖ్యంగా ఇన్సర్ట్‌ది. లాట్ నంబరు దాని మీదే ఉంటుంది. పెట్టె లేబుల్ మీద స్టెరైల్ అన్న అక్షరాల పక్కన ‘ఆర్’ ఉంటే రేడియేషన్, ‘ఈఓ’ ఉంటే ఇథిలిన్ ఆక్సైడ్. కరిగించి శుద్ధి చేసినదని చెప్పిన పాలీ మీద ‘ఆర్’ కనబడితే, విటమిన్ ఈ కూడా లేకపోతే, అలా ఎందుకు చేశారని కంపెనీ ప్రతినిధిని అడగండి. స్టిక్కర్ కాపీని ఫోన్‌లో ఒకటి, ఫైల్‌లో ఒకటి ఉంచుకోండి. పదేళ్ల తర్వాత రీకాల్ ప్రకటన వస్తే మీ మోకాలిలో ఉన్నది ఆ లాటేనా కాదా అని తేల్చుకోవడానికి అదే ఆధారం.